జోహ్రా సెహగల్

జోహ్రా సెహగల్ (27 ఏప్రిల్ 1912 – 10 జులై 2014) నర్తకి, రంగస్థల నటి, సినిమాల్లోనూ టెలివిజన్‌లోనూ పేరుపొందిన క్యారెక్టర్ నటి. ఉదయ్ శంకర్ నృత్య బృందంలో ప్రధాన నర్తకిగా ప్రపంచం తిరిగారు. పృథ్వీరాజ్ కపూర్ నాటక సంస్థలో పద్నాలుగేళ్లు ఊరూరా నాటకాలాడారు. యాభయ్యో ఏట లండన్ చేరి అక్కడి టెలివిజన్‌లో మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కుతూ వచ్చారు. ఎనభై దాటాక స్వదేశం తిరిగొచ్చి హిందీ సినిమాల్లో అందరికీ తెలిసిన బామ్మ అయ్యారు. 2010లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్‌తో గౌరవించింది.

మన తరం ప్రేక్షకుల్లో చాలామందికి ఆమె పరిచయమైంది ఈ చివరి అంకంలోనే. షారుఖ్ ఖాన్ సినిమాల్లోనో, సంజయ్ లీలా భన్సాలీ సినిమాల్లోనో మెరిసే కళ్లతో, బోసినవ్వుతో, ముసలితనాన్ని లెక్కచేయని చలాకీతనంతో కనిపించే పెద్దావిడ. ఆ నవ్వు చూసి మురిసిపోయినవారిలో దాని వెనక ఎన్ని దశాబ్దాల సాధన ఉందో తెలిసినవారు తక్కువ. సినిమా ఆమెను ఆలస్యంగా చూసింది. ఆమె పని దాదాపు అంతా వేదిక మీదే జరిగింది. తెర మీది ఆ కొద్ది నిమిషాలకు బలం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలంటే వేదిక కథే చెప్పుకోవాలి.

బాల్యం, చదువు

జోహ్రా పుట్టింది ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని సహరన్‌పూర్‌లో. పూర్తి పేరు సాహిబ్‌జాదీ జోహ్రా ముంతాజుల్లా ఖాన్ బేగం. రాంపూర్ నవాబుల వంశంతో బంధుత్వమున్న రోహిల్లా పఠాన్ కుటుంబం. ఏడుగురు సంతానంలో ఈమె మూడోది. అక్క హాజ్రా బేగం తర్వాతి కాలంలో కమ్యూనిస్టు నాయకురాలు. చెల్లెలు ఉజ్రా కూడా గొప్ప నటి అయింది. పసితనంలోనే గ్లకోమా జోహ్రా ఎడమ కంటిని దెబ్బతీసింది. బాల్యం డెహ్రాడూన్ దగ్గరి చక్రాతా కొండల్లో గడిచింది. ఆడపిల్ల అన్న మాట పట్టించుకోకుండా చెట్లెక్కుతూ, మగపిల్లలతో సమానంగా ఆటలాడుతూ పెరిగింది.

చిన్నతనంలోనే తల్లి పోయింది. ఆడపిల్లల్ని లాహోర్‌లోని క్వీన్ మేరీ కాలేజీలో చదివించాలన్నది ఆ తల్లి కోరిక. ఆ కోరిక ప్రకారమే జోహ్రా అక్కడ చేరింది. పరదా పద్ధతిని గట్టిగా పాటించే విద్యాలయం అది. బయటి పురుషుడెవరైనా ప్రసంగించడానికి వస్తే తెర వెనక నుంచి మాట్లాడవలసిందే. ఇలాంటి చోట చదివిన అమ్మాయి ఆ తర్వాత కొన్నేళ్లకే దేశదేశాల ప్రేక్షకుల ముందు నాట్యం చేసింది.

చదువయ్యాక పెళ్లి మాటను ఆమె పక్కకు నెట్టేసింది. ఎడింబరోలో ఉంటున్న మేనమామ ఆమెకు ఇంగ్లండులో నటన నేర్చుకునే ఏర్పాటు చేశాడు. బయలుదేరింది కారులో. లాహోర్ నుంచి ఇరాన్, సిరియా, పాలస్తీనాల మీదుగా ఈజిప్టు దాకా రోడ్డు దారి. అక్కడ అలెగ్జాండ్రియాలో ఓడెక్కి ఐరోపా. 1930ల తొలినాళ్లలో ఒక ముస్లిం యువతి అలా ప్రయాణించడమే ఒక కథ. ఐరోపా చేరాక దారి మళ్లింది. బంధువొకరు ఆమెను జర్మనీలోని డ్రెస్డెన్‌లో మేరీ విగ్మన్ నడిపే నృత్య పాఠశాలకు తీసుకెళ్లారు. అంతకుముందు నాట్యమే నేర్చుకోని జోహ్రాకు అందులో సీటు దొరికింది. ఆ పాఠశాలలో చదివిన తొలి భారతీయురాలు ఆమే. మూడేళ్లు అక్కడే ఉంది.

మేరీ విగ్మన్ పేరు మన దగ్గర పెద్దగా వినిపించదు. ఐరోపాలో అప్పటికి నృత్యమంటే బ్యాలే, అంటే నేలను తాకీ తాకనట్టు గాలిలో తేలిపోవడం. విగ్మన్ దాన్ని తిరగేసింది. ఆమె నాట్యంలో పాదాలకు చెప్పులుండవు, దేహం తన బరువును దాచుకోదు, ఒక్కోసారి సంగీతం కూడా ఉండదు. భయం, దుఃఖం, క్రోధం శరీరంలో ఎక్కడ పుడతాయో అక్కణ్నుంచే కదలిక మొదలు కావాలనేది ఆమె పాఠం. ముఖం అందంగా కనిపించాలన్న నియమం అందులో లేదు. జోహ్రా తర్వాతి నటనంతటికీ పునాది ఇక్కడే పడిందని నా నమ్మకం. తొంభై దాటిన వయసులో కూడా ఆమె ఏ పాత్రలోనైనా కనుబొమతో మొదలుపెట్టి మెడ దాకా, భుజాల దాకా నటించేది. సంభాషణ పలకడం ఆ తర్వాతి సంగతి.

ఉదయ్ శంకర్ బృందంలో

ఐరోపాలో ఉండగానే జోహ్రా ఉదయ్ శంకర్ శివపార్వతుల నృత్యం చూసింది. ఆ ప్రదర్శన తర్వాత ఆయన్ని కలిసింది. స్వదేశానికి వచ్చాక చూద్దామని ఆయన మాటిచ్చాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. జపాన్ పర్యటనకు వెళ్తున్నాం, వెంటనే రాగలవా అని తంతి వచ్చింది. 1935 ఆగస్టు 8న ఆమె బృందంలో చేరింది. ఫ్రెంచి నర్తకి సిమ్కీతో పాటు ప్రధాన నర్తకిగా జపాన్, ఈజిప్టు, ఐరోపా, అమెరికా తిరిగింది.

1940 ప్రాంతంలో ఉదయ్ శంకర్ హిమాలయాల ఒడిలోని అల్మోరాలో సాంస్కృతిక కేంద్రం స్థాపించాడు. కథకళికి శంకరన్ నంబూద్రి, భరతనాట్యానికి కందప్ప పిళ్లై, మణిపురికి అమోబీ సింగ్, సంగీతానికి ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్. ఇందరు గురువులు ఒకే ప్రాంగణంలో ఉన్న చోటు ఆ రోజుల్లో దేశంలో మరొకటి ఉందనుకోను. జోహ్రా అక్కడ ఉపాధ్యాయురాలు. విద్యార్థుల్లో ఒకడు గురుదత్. ఇంకొకడు ఇండోర్ నుంచి వచ్చిన కామేశ్వర్ సెహగల్: శాస్త్రం చదువుకున్నవాడు, చిత్రకారుడు, నర్తకుడు. జోహ్రా కన్నా ఎనిమిదేళ్లు చిన్న. మతం వేరు, వయసులో తేడా, పైగా గురుశిష్యులు. రెండు వైపుల పెద్దలూ మొదట ససేమిరా అన్నారు. చివరికి ఒప్పుకున్నారు. 1942 ఆగస్టు 14న పెళ్లి జరిగింది. విందుకు రావలసిన జవాహర్‌లాల్ నెహ్రూ అంతకు కొద్ది రోజుల ముందే క్విట్ ఇండియా ఉద్యమంలో అరెస్టయ్యారు.

అల్మోరా కేంద్రం ఎంతో కాలం నిలవలేదు. దంపతులు లాహోర్ వెళ్లి తమ పేర్లు కలిపి ‘జోరేష్’ అనే నృత్య పాఠశాల పెట్టారు. కానీ దేశ విభజన నీడ అప్పటికే ఆ ఊరి మీద పరుచుకుంటోంది. హిందూ భర్త, ముస్లిం భార్య ఉన్న ఇంటికి అక్కడ చోటు ఇరుకైంది. ఏడాది పాప కిరణ్‌ను ఎత్తుకుని 1945లో బొంబాయి చేరుకున్నారు.

పృథ్వీ థియేటర్స్: పద్నాలుగేళ్లు

జోహ్రా జీవితంలో అత్యంత విలువైన కాలం ఇది. వివరంగా చెప్పవలసింది కూడా దీని గురించే.

పృథ్వీరాజ్ కపూర్ 1944లో ‘శకుంతల’తో తన నాటక సంస్థను ప్రారంభించాడు. సినిమాల్లో సంపాదించిన డబ్బు తెచ్చి నాటకంలో పోసేవాడు. ఆ సంస్థలో అప్పటికే ఉజ్రా నాయిక పాత్రలు వేస్తోంది. జోహ్రా 1945లో నెలకు 400 రూపాయల జీతం మీద చేరింది. నృత్య దర్శకత్వం ఆమె పని. నటన కూడా వెంటనే మొదలైంది. నాయిక పాత్రలు చెల్లెలికి, పక్క పాత్రలు అక్కకు. చెల్లెలి అందం చూసి తనకు అసూయగా ఉండేదని జోహ్రా తర్వాతి రోజుల్లో దాచుకోకుండా చెప్పుకున్నారు. ఆ నిజాయితీ ఆమెలో నాకు బాగా నచ్చే గుణం. నాయిక పాత్ర దక్కని నటి రెండు దారుల్లో ఏదో ఒకటి పడుతుంది. ఒకటి అలిగి వెళ్లిపోవడం. రెండోది పక్క పాత్రను ఎలా నిలబెట్టాలో నేర్చుకోవడం. జోహ్రా రెండోది పట్టింది. క్యారెక్టర్ నటి పుట్టింది అక్కడే.

బొంబాయిలో పృథ్వీ థియేటర్స్ ప్రదర్శనలు రాయల్ ఒపేరా హౌస్‌లో జరిగేవి. సాయంత్రాలు సినిమా ఆటలకు పోగా, నాటకానికి దొరికేది ఉదయం పూట. మిగతా కాలమంతా దేశ పర్యటనే. డజన్ల కొద్దీ మనుషులు, సెట్లు, తెరలు, దుస్తుల పెట్టెలు వేసుకుని మూడో తరగతి రైలు పెట్టెల్లో ప్రయాణం. యజమానికీ లైట్లు పట్టే కుర్రాడికీ ఒకే భోజనం. పృథ్వీరాజ్‌ను అందరూ ‘పాపాజీ’ అనేవారు. నాటకం ముగిశాక ఆయన గుమ్మం దగ్గర జోలె పట్టుకుని తలవంచి నిలబడేవాడు. ప్రేక్షకులు వేసిన డబ్బు ఏదో ఒక మంచి పనికి పోయేది. వేలమంది చప్పట్లు కొట్టిన మనిషి ఆ తర్వాతి క్షణంలో చేయి చాచి నిలబడిన దృశ్యం ఆ బృందంలో ఎవరికీ మరుపు రాలేదు. సురభి కుటుంబాలు సామాన్ల బళ్లతో, పిల్లాజెల్లాతో ఊరూరా నాటకాలాడిన చరిత్ర తెలిసిన తెలుగువారికి ఈ జీవితాన్ని ఊహించుకోవడం కష్టం కాదు. జోహ్రా కూడా పిల్లల్ని పెంచుతూనే ఈ తిరుగుడంతా తిరిగింది.

ఆ నాటకాల్లో వినోదం కన్నా ఎక్కువ ఉండేది. 1945 నాటి ‘దీవార్’లో పరాయివాళ్ల మాటలు విని అన్నదమ్ములు ఇంటి మధ్య గోడ కట్టుకుంటారు. విభజనకు రెండేళ్ల ముందే విభజన గురించి హెచ్చరించిన నాటకం. ‘పఠాన్’ హిందూ ముస్లిం స్నేహం మీద. ‘గద్దార్’, ‘ఆహుతి’ కూడా ఆ రోజుల గాయాలనే తడిమాయి. దేశం రక్తసిక్తమైన ఆ రోజుల్లో ఇలాంటి నాటకాలు ప్రదర్శించడానికి గుండె ధైర్యం కావాలి. లాహోర్ వదిలి వచ్చిన జోహ్రాకు ఆ గోడ నాటకంలోని గోడగా మాత్రమే కనిపించి ఉండదు.

వెండితెర మీద తొలి అడుగులూ ఈ కాలంలోనే. 1946లో రెండు సినిమాలు. బెంగాల్ కరవు మీద ఇప్టా తీసిన ‘ధర్తీ కే లాల్’కు దర్శకుడు ఖ్వాజా అహ్మద్ అబ్బాస్. చేతన్ ఆనంద్ తీసిన ‘నీచా నగర్’ ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం పంచుకుంది. దానికి సంగీతం రవిశంకర్. ఇప్టా అంటే మన ప్రజానాట్యమండలి అనుబంధమున్న అఖిల భారత సంస్థే. అంటే ఇక్కడ గరికపాటి రాజారావు బృందం చేస్తున్న పనికీ, అక్కడ జోహ్రా చేస్తున్న పనికీ వేరు ఒక్కటే. అల్మోరాలో శిష్యుడైన గురుదత్ దర్శకుడయ్యాక ‘బాజీ’ (1951)కి ఆమె చేత నృత్య దర్శకత్వం చేయించుకున్నాడు. ‘సి.ఐ.డి.’ (1956)కీ ఆమే చేసింది. అయినా సినిమా ఆమెకు పక్కదారిగానే ఉండిపోయింది.

గొంతు దెబ్బతిని, అప్పులు పెరిగి పృథ్వీరాజ్ 1960లో సంస్థను మూసేశాడు. పదహారేళ్లలో 2,600కు పైగా ప్రదర్శనలు. జోహ్రా అప్పటికే మరో దెబ్బతో కుంగిపోయి ఉంది. 1959లో భర్త కామేశ్వర్ ఆత్మహత్య చేసుకున్నాడు. పిల్లలు కిరణ్, పవన్‌లతో ఆమె ఢిల్లీ వెళ్లి కొత్తగా పెట్టిన నాట్య అకాడమీ బాధ్యత తీసుకుంది. 1963లో సంగీత నాటక అకాడమీ పురస్కారం ప్రకటించే నాటికి ఆమె దేశంలో లేదు.

లండన్

1962లో నాటక విద్యార్థి వేతనం మీద లండన్ వెళ్లింది. వయసు యాభై. అక్కడ ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. నర్తకుడు రామ్ గోపాల్ చెల్సీలో నడిపే పాఠశాలలో ఉదయ్ శంకర్ శైలి నేర్పింది. జరుగుబాటు కోసం నాటకశాలలో నటీనటులకు దుస్తులు సర్దిపెట్టే పని కూడా చేసింది. మన దేశంలో వందల రాత్రులు తాను అలంకరించుకుని వేదికెక్కిన మనిషి, అక్కడ ఇంకొకరి దుస్తులకు ఇస్త్రీ చేసింది. అందులో చిన్నతనమేమీ ఆమెకు కనిపించలేదు. నాటకశాల వాసన వచ్చే చోట ఉండడమే ముఖ్యం.

ఆ కాలంలో బ్రిటిష్ తెర మీద భారతీయ స్త్రీకి దొరికే పాత్రలు రెండు మూడు రకాలే: ఆయా, దుకాణదారు తల్లి, ఎక్కడో వెనకాల నిలబడే పరదేశీ వనిత. 1964లో బీబీసీలో కిప్లింగ్ కథ ఆధారంగా వచ్చిన ఒక నాటకంలో తొలి టెలివిజన్ వేషం దొరికింది. 1965లో ‘డాక్టర్ హూ’లో కనిపించింది. మర్చంట్ ఐవరీ వారి ‘ది గురు’లో (1969) నటించింది. 1970లలో దక్షిణాసియా వలస కుటుంబాల కోసం బీబీసీ ప్రసారం చేసిన ‘పడోసీ’ కార్యక్రమాన్ని నడిపింది. ఈ ఇరవై ఏళ్లలో చెప్పుకోదగ్గ పెద్ద పాత్ర లేదు. రాని అవకాశం కోసం ఎదురుచూస్తూ, వచ్చిన చిన్న వేషాన్ని శ్రద్ధగా చేస్తూ గడిపిన కాలం. డెబ్బై దగ్గరపడుతున్నా తనను తాను కూర్చోనివ్వలేదు.

ఫలితం 1984లో దక్కింది. పాల్ స్కాట్ నవలల ఆధారంగా గ్రనాడా టెలివిజన్ తీసిన ‘ది జ్యూయెల్ ఇన్ ది క్రౌన్’ ధారావాహికలో లేడీ చటర్జీ పాత్ర. భర్తకు తెల్లవారు సర్ బిరుదు ఇచ్చినా, వారి క్లబ్బులో మాత్రం గడప దాటనివ్వని సంపన్న వితంతువు. ఆ అవమానాన్ని మర్యాదతో దిగమింగి, తల తిప్పే తీరులోనే జవాబు చెప్పే మనిషి. ఈ పాత్రకు అరుపులు లేవు, ఏడుపులు లేవు. నవాబుల వంశపు పెంపకం, విగ్మన్ నేర్పిన దేహభాష, పృథ్వీ వేదిక ఇచ్చిన వాచికం మూడూ ఒక్కచోట కలిశాయి. ఆమె నటనలో ఒక్కటే చూడగలిగితే ఇదే చూడమంటాను. ఆ వెంటనే ‘టందూరీ నైట్స్’ (1985–87) అనే హాస్య ధారావాహికలో సయీద్ జాఫ్రీతో కలిసి పూర్తిగా తలకిందులైన వేషం, గడుసు ముసలావిడ. తర్వాత గురిందర్ చడ్ఢా ‘భాజీ ఆన్ ది బీచ్’లో (1993) బర్మింగ్‌హామ్ నుంచి ఒకరోజు విహారానికి వచ్చిన స్త్రీల గుంపులో సంప్రదాయం పట్టు వదలని పెద్దావిడ పుష్ప.

లాహోర్‌లో ఇద్దరు అక్కచెల్లెళ్లు

ఉజ్రా 1960లలో పాకిస్తాన్ వెళ్లి స్థిరపడింది. ఒకప్పుడు ఒకే వేదిక మీద నటించిన తోబుట్టువులు సరిహద్దుకు చెరోవైపు మిగిలారు. 1993లో లాహోర్‌లోని అజోకా థియేటర్ వారిద్దరి జీవితం ఆధారంగా ‘ఏక్ థీ నానీ’ నాటకం తయారుచేసింది. రచన షాహిద్ నదీమ్, దర్శకత్వం మదీహా గౌహర్. విభజన విడదీసిన ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్లు, కళ వైపు మొగ్గే మనవరాలు. ఆ పాత్రల్లో నటించింది జోహ్రా, ఉజ్రాలే. జోహ్రాకు అప్పుడు 81 ఏళ్లు, ఉజ్రాకు డెబ్బై అయిదు దాటాయి. ‘దీవార్’లో ఏ గోడ గురించి హెచ్చరించారో, దాదాపు యాభయ్యేళ్ల తర్వాత ఆ గోడకు అవతల నిలబడి ఇద్దరూ మళ్లీ కలిసి నటించారు. ఆ తర్వాత నాటకం భారతదేశంలోనూ, ఇంగ్లండులోనూ ఆడింది. ఉజ్రా 2010లో కన్నుమూసింది.

కవితా పఠనం జోహ్రా జీవితంలో మరో అధ్యాయం. 1983లో ఉదయ్ శంకర్ స్మృతి కోసం రవిశంకర్ ఏర్పాటు చేసిన కార్యక్రమంలో ఆమె కవితలు చదివింది. అది జనానికి పట్టింది. ఆ తర్వాత ఎక్కడికెళ్లినా పిలుపులే. కాగితం లేకుండా ఉర్దూ కవితలు ఒకదాని వెంట ఒకటి చదివేది. యవ్వనం గురించి హఫీజ్ జాలంధరీ రాసిన కవిత చదవకపోతే సభ కదిలేది కాదు. తొంభై ఏళ్ల మనిషి ఆ కవిత చదువుతుంటే గొంతులో ఉన్నట్టుండి పదహారేళ్ల పిల్ల వినిపించేది. తన రూపం మీద తనే సరదాలాడి సభను నవ్వించేది.

హిందీ సినిమా బామ్మ

1990ల మధ్యలో జోహ్రా ఢిల్లీ వచ్చేసి కిరణ్ దగ్గర ఉన్నారు. కిరణ్ సెహగల్ ఒడిస్సీ నర్తకి. ‘దిల్ సే’ (1998), ‘హమ్ దిల్ దే చుకే సనమ్’ (1999), ఇంగ్లిషులో ‘బెండ్ ఇట్ లైక్ బెక్‌హామ్’ (2002) వరసగా వచ్చాయి. వీటిలో చాలావరకు ఒకే అచ్చు పాత్రలు. రచయితలు రాసిచ్చింది ‘అల్లరి బామ్మ’ అన్న రెండు మాటలే. మిగతాది ఆమె నింపుకుంది. మన తెలుగులో నాటకాల నుంచి వచ్చిన నిర్మలమ్మ గారు ఎన్ని సినిమాల్లో అదే బామ్మ వేషం వేసినా ప్రతిసారీ మన ఇంటి మనిషిలా అనిపించినట్టే.

‘వీర్ జారా’ (2004)లోని బేబే పాత్ర మాత్రం వేరు. పాకిస్తాన్‌లో ఒక ముస్లిం కుటుంబాన్ని నమ్ముకుని బతికిన సిక్కు వృద్ధురాలు. తన అస్థికల్ని సరిహద్దుకు అవతల కిరాత్‌పూర్‌లో కలపమని కోరి కన్నుమూస్తుంది. ఆ కోరిక తీర్చడానికే ఆ ఇంటి అమ్మాయి జారా భారతదేశం వస్తుంది, కథ మొదలవుతుంది. తెర మీద ఉండేది కొద్దిసేపే. కానీ కథంతా ఆ ముసలావిడ మాట మీదే నడుస్తుంది. ఈ పాత్రను లాహోర్ వదిలి వచ్చిన జోహ్రా చేసిందని గుర్తుపెట్టుకుని చూస్తే ఆ సన్నివేశాల బరువు ఇంకోలా తెలుస్తుంది.

‘చీనీ కమ్’ (2007)లో అరవై దాటిన అమితాబ్ బచ్చన్‌ను చిన్నపిల్లాడిలా మందలించే తల్లి. ఆమెకు అప్పుడు 95. అదే ఏడాది వచ్చిన ‘సావరియా’లో ఇల్లు అద్దెకిచ్చే ఒంటరి వృద్ధురాలు లిలియన్. కొడుకు కోసం ఎదురుచూసే ఆ పాత్రలో ఆమె పక్కన నటించిన కొత్త కుర్రాడు రణబీర్ కపూర్, పృథ్వీరాజ్ మునిమనవడు. పాపాజీ బృందంలో 1945లో చేరిన నటి ఆఖరి సినిమా ఆ ఇంటి నాలుగో తరంతో చేసింది.

పద్మశ్రీ 1998లో, కాళిదాస్ సమ్మాన్ 2001లో, పద్మభూషణ్ 2002లో, సంగీత నాటక అకాడమీ ఫెలోషిప్ 2004లో, పద్మవిభూషణ్ 2010లో వచ్చాయి. ‘స్టేజెస్’ పేరుతో ఆత్మకథ రాసుకున్నారు. పుస్తకం పేరులోనూ వేదికే. వందేళ్లు నిండిన 2012లో కిరణ్ తల్లి జీవితచరిత్ర వెలువరించారు. 2014 జులై 10న ఢిల్లీలో గుండెపోటుతో జోహ్రా కన్నుమూశారు. వయసు 102. మతాచారాలను నమ్మని ఆమె అంత్యక్రియలు మర్నాడు లోధీ రోడ్డు విద్యుత్ దహనవాటికలో జరిగాయి.